లెక్కలోకి రానివాళ్ళు

సంపాదకులకు,

అయ్యా,

ఎముక విరిగితే నాటువైద్యులు కట్టే పుత్తూరు కట్టు గొప్పదా, ఆసుపత్రిలో వేసే ప్లేట్లూ స్క్రూలూ గొప్పవా అనే వాదన మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఎన్నేళ్ళయినా తెగదు. కట్టు పక్షాన మాట్లాడేవారు, "మా మేనమామకు చెయ్యి విరిగితే కట్టుతోనే అతుక్కుంది, ఇప్పుడు బస్తాలు మోస్తున్నాడు" అంటారు. ఎముకల డాక్టర్లు, "కట్టు వికటించి మా దగ్గరికి వచ్చేవాళ్ళను వారంవారం చూస్తూనే ఉన్నాం" అంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. అయినా ఇద్దరి సాక్ష్యమూ నిలవదు. ఇద్దరూ తమ కళ్ళ ముందుకు వచ్చినవాళ్ళనే లెక్కపెట్టారు, రానివాళ్ళను వదిలేశారు. రోజువారీ వాదనల్లో మనం చేసే పొరపాట్లలో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది. తిరుపతిలో తర్కమూ గణాంకాలూ పాఠం చెప్పేవాళ్ళం కొందరం కలిసి ఈ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాం. లేఖ పొడవైనందుకు మన్నించండి.

కట్టుతో బాగైన మనిషి ఊళ్ళోనే తిరుగుతుంటాడు, ఎవరూ అడక్కపోయినా చెబుతాడు. బాగవనివాడు ఆసుపత్రి దారి పడతాడు. అందుకని ఊరికి మొదటివాడే తెలుస్తాడు, డాక్టరుకు రెండోవాడే కనిపిస్తాడు. బాగైనవాడికి డాక్టరు దగ్గర పనేముంది? ఆపరేషన్ చేసిన చోట చీము పట్టి విసిగిపోయి పుత్తూరు బస్సెక్కినవాడి కథ కట్టు కట్టేవారికే తెలుస్తుంది. ఒక్కొక్కరూ తమకు కనిపించిన నలుగురి మీద నమ్మకం కట్టుకుని, అవతలివాణ్ణి మొండివాడనుకుంటారు.

ఈ వాదన తెగాలంటే ముందు కాగితం మీద నాలుగు గళ్ళు గీయాలి: కట్టు కట్టించుకుని బాగైనవారు, కట్టు కట్టించుకున్నా బాగవనివారు, ఆసుపత్రిలో బాగైనవారు, ఆసుపత్రికి వెళ్ళినా బాగవనివారు. ఒక్క గడి నిండా మనుషులుంటే సరిపోదు. కట్టుతో వెయ్యి మంది బాగయ్యారన్నా, కట్టించుకున్నది పదకొండు వందల మందా పదివేల మందా తెలియకపోతే ఆ వెయ్యితో ఏమీ తేలదు.

నాలుగు గళ్ళూ నిండినా పని పూర్తి కాదు, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఊహకు కొన్ని అంకెలు వేసుకుందాం. ఇవి ఎక్కడా సేకరించినవి కావు, లెక్క తీరు చూపడానికి మేం అల్లినవే. కట్టుకు 100 మంది వెళ్ళారు. వాళ్ళలో 90 మందిది చిన్న చీలిక, 10 మందిది ముక్కలైన ఎముక. చీలికవాళ్ళలో 81 మంది, ముక్కలైనవాళ్ళలో ముగ్గురు బాగయ్యారు. మొత్తం 84. ఆసుపత్రికి మరో 100 మంది వెళ్ళారు. వాళ్ళలో 20 మందిదే చీలిక, 80 మంది బైకు ప్రమాదాల్లో ఎముక నుజ్జయినవారు. చీలికవాళ్ళలో 19 మంది, నుజ్జయినవాళ్ళలో 48 మంది బాగయ్యారు. మొత్తం 67. పైపైన చూస్తే 84కూ 67కూ పోలికే లేదు, కట్టు గెలిచింది. విడదీసి చూస్తే చీలికలో కట్టుకు నూటికి 90, ఆసుపత్రికి 95. నుజ్జయిన ఎముకలో కట్టుకు నూటికి 30, ఆసుపత్రికి 60. రెండు రకాల్లోనూ ఆసుపత్రే మెరుగు, మొత్తంలో మాత్రం ఓడింది. కూడికలో తప్పేమీ లేదు. తేలిక కేసులు ఒక తలుపు దగ్గరికీ బరువైన కేసులు ఇంకో తలుపు దగ్గరికీ వెళ్ళాయి, అంతే. అంకెలు మార్చి వేస్తే విడివిడిగా కట్టే గెలిచే పట్టిక కూడా రాయొచ్చు, కాబట్టి దీన్ని పుత్తూరు మీద తీర్పుగా ఎవరూ తీసుకోవద్దు. చెప్పేదల్లా ఇదే: ఎముక ఏది, చర్మం చీలిందా లేదా, వయసెంత, మూడు నెలల తరవాత ఎముక తిన్నగా ఉందా వంకరగా ఉందా అని అడగకుండా "బాగయ్యాడు" అన్న ఒక్క మాట పట్టుకుని పోల్చడం దండగ. పెద్దాసుపత్రిలో చావులెక్కువ అని చిన్న నర్సింగ్‌హోమ్‌తో పోల్చే వార్తలకూ ఇదే వర్తిస్తుంది. చిన్నచోట చెయ్యలేమన్న కేసులన్నీ చివరికి చేరేది పెద్దాసుపత్రికే.

ఇంకో మాట కూడా ఇందులో కలపాలి. చర్మం చీలకుండా చేతి ఎముక చిట్లితే, కదలకుండా ఉంచగలిగినప్పుడు చాలావరకు ఆరేడు వారాల్లో దానంతటదే అతుక్కుంటుంది, పిల్లల్లో ఇంకా త్వరగా. కట్టు చేసినా, సిమెంటు పట్టీ చేసినా ముఖ్యంగా చేసేది కదలకుండా పట్టి ఉంచడమే. అందుకే ఆకు పసరుకో నూనెకో ఎంత పేరు ఇవ్వాలో నిర్ణయించేటప్పుడు, అవేమీ లేకుండా ఊరికే బిగించి ఉంచిన ఎముక సంగతి పక్కన పెట్టుకుని చూడాలి. (వాదన ఎలాగున్నా, కట్టు కింద వేళ్ళు నల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, ఎముక బయటికి కనబడినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇది వాదనకు లోబడిన విషయం కాదు.)

కామెర్లకు పసరు మందు కథా ఇలాంటిదే. కలుషితమైన నీళ్ళతో, తిండితో వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. పసరు తాగాక తగ్గిందన్నది నిజమే. తాగనివాళ్ళకూ తగ్గిందా అని ఎవరూ అడగరు. కాకి వాలగానే తాటిపండు రాలిందని మన పెద్దలు ఊరికే అనలేదు.

బోర్ల దగ్గరికి వద్దాం. మన జిల్లాల్లో తర్కం తప్పినందుకు రైతు నేరుగా డబ్బు చెల్లించే చోటు ఇది.

మన నేల ఎక్కువ భాగం గట్టి రాయి. నీళ్ళు రాతిలో ఉండవు, రాతి పగుళ్ళలో ఉంటాయి. పగులు తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. అందుకే, కింద నీళ్ళున్న చోట కాయ నిలువుగా లేస్తుందంటూ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకునో, వేపపుల్ల పట్టుకునో బోరు పాయింటు చూపించేవారికి గిరాకీ. "ఆయన చూపించిన పదింట్లో ఏడు పడ్డాయి" అనే మాట వినగానే రైతు మెత్తబడతాడు. అక్కడ అడగవలసినవి రెండు. ఒకటి, అదే ఊళ్ళో ఎవర్నీ అడగకుండా వేసుకున్న బోర్లలో పదింటికి ఎన్ని పడ్డాయి? అక్కడా ఏడే అయితే కొబ్బరికాయ కలిపింది సున్నా. రెండు, "పడింది" అంటే ఏమిటి? రెండించుల నీళ్ళా, మార్చి వెళ్ళేసరికి ఎండిపోయే అరించా? ఈ కొలత బోరు వెయ్యకముందే చెప్పించుకోవాలి. వేశాక చెబితే ఏ తడి కనబడినా అది విజయం కిందికే వస్తుంది.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పాయింటు చూసేవారు ఒకసారి పొలమంతా నడిచి గుర్తులు పెట్టాక ఆ గుర్తులు తీసేసి, కళ్ళకు గంతలు కట్టి, వేరే దిక్కు నుంచి మళ్ళీ నడిపించండి. కాయ మునుపటి చోట్లనే లేస్తే సరే, ఆలోచించవలసిన విషయమే. లేవకపోతే భూమిలో ఉన్నదాన్ని బట్టి కాయ లేవడం లేదన్నమాట. కావాలని మోసం చేస్తున్నారని మేం అనడం లేదు. మనసులో అనుకున్న చోటికి రాగానే చేతి కండరాలు తెలియకుండానే కదులుతాయి, ఆ మనిషి నిజాయితీగానే నమ్ముతాడు. జర్మనీలోని కాసెల్‌లో 1990లో ఇలాంటి పరీక్షే పెద్ద ఎత్తున చేశారు. నేలకు అర మీటరు లోతున ప్లాస్టిక్ పైపు పూడ్చి, అందులో నీళ్ళు పారుతున్నదీ లేనిదీ చెప్పమన్నారు. పాల్గొన్నవారు నీళ్ళ జాడ చెప్పగలమనే 30 మంది, అందరూ పరీక్ష పద్ధతికి ముందే ఒప్పుకున్నవారే. ఫలితం గుడ్డిగా ఊహించి చెప్పినదానికంటే మెరుగ్గా రాలేదు.

మూడు బోర్లు పోయిన రైతు నాలుగోదానికి అప్పు చేసేటప్పుడు అనే మాట: "మూడు పోయాయి, ఇది పడక తప్పదు." ఈ మాట ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. ఆ ప్రాంతంలో ఒక బోరు పడే అవకాశం నూటికి 30 అనుకుందాం. మొదటి బోరు వెయ్యకముందు "నాలుగు వేస్తే ఒక్కటైనా పడుతుందా" అని అడిగితే జవాబు నూటికి 76. (నాలుగూ పోయే అవకాశం 0.7ను నాలుగుసార్లు గుణిస్తే వచ్చే 0.24, మిగిలింది 0.76.) ఈ 76 రైతు మనసులో ఉండిపోతుంది. మూడు పోయాక నాలుగోదాని అవకాశం మళ్ళీ 30 మాత్రమే. పోయిన మూడూ నాలుగోదాని ఖాతాలో జమ కావు. అసలు అదే పొలంలో మూడు పోయాయంటే కింద పగుళ్ళు తక్కువని అనుమానించాలి, అంటే అవకాశం 30 కంటే కిందికే దిగుతుంది. నాణెం ఎగరేసే ఆటలో గతం భవిష్యత్తును తాకదు. ఇక్కడ తాకుతుంది, కాకపోతే రైతు ఆశించిన వైపు కాదు.

బోరు లారీ పొలంలో ఉన్నప్పుడు ఇంకో ఉచ్చు. 800 అడుగులు దిగారు, దుమ్ము తప్ప ఏమీ లేదు. "ఇంత పెట్టాం, ఇంకో 200 వేసేద్దాం, లేకపోతే పెట్టిందంతా బూడిదలో పోసినట్టే." పెట్టింది ఎలాగూ పోయింది. ఆపినా తిరిగి రాదు, కొనసాగించినా తిరిగి రాదు. ఆ సమయంలో తూకం వెయ్యవలసినవి రెండే: వచ్చే 200 అడుగులకు ఎంత, అక్కడ నీళ్ళు తగిలే వీలెంత. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు శ్లాబుల వారీగా పెరుగుతుంది, గట్టి రాతిలో పగుళ్ళు మామూలుగా పలచబడతాయి. ఖర్చు పెరుగుతూ, అవకాశం తగ్గుతూ ఉన్న చోట మొండితనం ధైర్యం కాదు. లారీ రాకముందే ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో ఇంట్లోవాళ్ళతో కూర్చుని కాగితం మీద రాసుకోవడం మంచిది. దుమ్ము లేస్తుండగా, డ్రిల్లరు "ఇంకొంచెం వేద్దామా" అని అడుగుతుండగా ఎవరి బుర్రా సరిగా పనిచెయ్యదు, మా బుర్రలతో సహా.

టమోటా రైతుల వార్తల్లోనూ లెక్కలోకి రానివాళ్ళే ఎక్కువ. 2023 జూలై ఆఖరులో మదనపల్లె మార్కెట్టులో కిలో ధర 200 రూపాయల దరిదాపులకు చేరింది. కోట్లు సంపాదించిన రైతుల ఫొటోలు పత్రికలన్నీ వేశాయి. ఆ ధర అంత పెరిగిందే చాలామందికి పంట చేతికి రాలేదు కనుక. ఎండకు పూత రాలినవారు, ఆకుముడత తెగులు పట్టినవారు, ముందు సీజన్‌లో గిట్టుబాటు కాక టమోటా మానేసినవారు, వీళ్ళెవరి ఫొటోలూ లేవు. ఫొటోలు చూసి నారు నాటినవారికి తొలి కోత రావడానికి 60 నుంచి 70 రోజులు పడుతుంది. అంటే సెప్టెంబరు, అక్టోబరు. సెప్టెంబరు నాటికే ధర పది రూపాయల చుట్టుపక్కలకు పడిపోయింది. లాభపడిన రైతును చూపించడం తప్పు కాదు. ఆయన పక్క పొలం చూపించకపోవడం తప్పు.

పోటీపరీక్షల ఫలితాలు వచ్చిన మర్నాడు మొదటి పేజీ నిండా ర్యాంకర్ల ఫొటోలతో వచ్చే ప్రకటనలదీ అదే బాపతు. వందలోపు పది ర్యాంకులు అంటారు. ఆ సంస్థ నుంచి పరీక్ష రాసింది రెండు వందల మందా ఇరవై వేల మందా? ఆ పదిమందీ ఎనిమిదో తరగతి నుంచి అక్కడే చదివారా, ఆఖరి నెలలో మోడల్ పరీక్షలకు మాత్రం చేరారా? కోచింగ్ ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. విజేత ఫొటో వేస్తే ర్యాంకుతో పాటు ఆ విద్యార్థి తీసుకున్న కోర్సు ఏమిటో కూడా చెప్పాలని అందులో ఉంది. కోర్సు పేరు ఎంత సన్న అక్షరాల్లో ఉంటుందో చూడటానికి పాఠకులు ఈసారి భూతద్దం తెచ్చుకోవాలి.

ఉచిత వైద్య శిబిరంలో పరీక్ష చేసి "పాజిటివ్" అని చీటీ ఇస్తే ఇల్లంతా ఏడుపు మొదలవుతుంది. ఇక్కడ మరుగున పడేది ఆరోగ్యంగా ఉన్నవారి సంఖ్య. వెయ్యి మందికి పరీక్ష చేశారు, వాళ్ళలో నిజంగా జబ్బున్నవారు 10 మంది అనుకోండి. పరీక్ష జబ్బున్నవారిలో నూటికి 90 మందిని పట్టుకుంటుంది, లేనివారిలో నూటికి 9 మందిని పొరపాటున ఉన్నట్టు చూపిస్తుంది. పదిమందిలో 9 మంది దొరికారు. మిగతా 990 మందిలో 89 మందికి ఉత్తపుణ్యానికి పాజిటివ్ వచ్చింది. చీటీ అందుకున్న 98 మందిలో నిజంగా జబ్బున్నది తొమ్మిదిమందికే. ఇదే పరీక్ష లక్షణాలతో వచ్చినవారికి చేస్తే కథ మారుతుంది. అలాంటి వెయ్యి మందిలో 300 మందికి జబ్బుంటే 270 మంది దొరుకుతారు, లేని 700 మందిలో 63 మందికి తప్పుగా వస్తుంది. అప్పుడు పాజిటివ్ అంటే నూటికి 81 వంతులు నిజమే. కిట్టు అదే, మనుషులు వేరు. ఊరంతటికీ చేసిన పరీక్షలో పాజిటివ్ వచ్చినప్పుడు వెయ్యవలసిన అడుగు రెండో రకం పరీక్ష, ఏడుపు కాదు. మొదటి పరీక్ష పనికిరాదని చీటీ చింపెయ్యడమూ కాదు.

అలిపిరి నడకదారి మీద 2023 ఆగస్టులో చిరుత దాడిలో ఆరేళ్ళ పాప చనిపోయాక నడిచి వెళ్ళే భక్తులకు దేవస్థానం చేతికర్రలు ఇచ్చింది. కర్ర చూసి చిరుత భయపడుతుందా అని వెక్కిరించినవారున్నారు, ఆ తరవాత జరిగిన మంచికంతా కర్రే కారణమనేవారూ ఉన్నారు. రెండు పక్షాలూ ఒక సంగతి మరిచిపోయాయి. కర్రతో పాటే బోన్లు పెట్టి చిరుతలను పట్టారు, 15 ఏళ్ళలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు తరవాత నడకదారిలోకి రానివ్వలేదు, గుంపులుగా నడవమన్నారు. నాలుగు పనులు ఒకేసారి చేశాక ఏది ఎంత పనిచేసిందో ఫలితాన్ని బట్టి విడదీయలేం. పైగా ఇలాంటి దాడులు మొదటినుంచీ బహు అరుదు. అరుదైనది కొన్నాళ్ళు జరగలేదంటే దాన్నుంచి తెలిసేది కొంచెమే. దీనికి గణాంకాల్లో ఒక మోటు లెక్క ఉంది: వెయ్యిసార్లు చూసినా ఒక్కసారీ జరగకపోతే, నూటికి 95 పాళ్ళ భరోసాతో చెప్పగలిగింది "వెయ్యికి మూడుకు మించదు" అని మాత్రమే. సున్నా అని కాదు. పసిప్రాణం పోయిన చోట అన్ని జాగ్రత్తలూ ఒకేసారి తీసుకోవడమే సరి, అందులో మాకు పేచీ లేదు. పేచీ అంతా తరవాత కర్రకు కట్టిన కిరీటం గురించే.

బస్సుల సంగతి వినడానికి చిన్నదే గానీ రెండు పక్షాలూ నిజం చెబుతూ కొట్టుకునే విచిత్రం అందులో ఉంది. డిపోవారు సగటున అరగంటకో బస్సు అంటారు. ప్రయాణికుడు ఎప్పుడొచ్చినా చాలాసేపు నిలబడాల్సిందే అంటాడు. గంటకు రెండు బస్సులే, కానీ ఒకదాని వెనక ఇంకోటి 10 నిమిషాల్లో వచ్చి, ఆ తరవాత 50 నిమిషాలు ఏదీ రాదనుకోండి. సగటు విరామం 30 నిమిషాలే, డిపో లెక్క సరైనదే. అయితే స్టాండుకు వచ్చే ఆరుగురిలో అయిదుగురు ఆ 50 నిమిషాల ఖాళీలోనే వచ్చి పడతారు, సగటున 25 నిమిషాలు నిలబడతారు. ఒక్కడే పది నిమిషాల ఖాళీలో వచ్చి అయిదు నిమిషాల్లో ఎక్కేస్తాడు. అందరికీ కలిపి సగటు దాదాపు 22 నిమిషాలు. బస్సులు సమానంగా వస్తే అది 15 అయ్యేది. డిపో బస్సులను లెక్కపెట్టింది, ప్రయాణికుడు ప్రయాణికులను లెక్కపెట్టాడు. ఇక్కడ కావలసింది కొత్త బస్సు కాకపోవచ్చు, ఉన్న రెండింటి మధ్య దూరం సరిచెయ్యడం.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలునన్న మాట అభిప్రాయ సేకరణలకు అడ్డుపెట్టుకుంటారు. ఎసరు మరుగుతూ గింజలన్నిటినీ ఒకేలా తిప్పుతుంది కనుక ఆ మెతుకు మిగతావాటి సంగతి చెప్పగలిగింది. దర్శనం ముగించుకుని లడ్డూ సంచితో నవ్వుతూ బయటికొచ్చేవారిని నలుగురిని ఆపి "ఏర్పాట్లు ఎలా ఉన్నాయి" అని అడిగితే, క్యూలో ఉండలేక వెనుదిరిగినవారి మాట అందులోకి ఎలా వస్తుంది?

ఇక పుకార్లు. ఎవరి మీదైనా ఒక నింద వాట్సాప్‌లో తిరగగానే "నిప్పు లేనిదే పొగ రాదు" అంటారు. ఈ పొగా నిప్పూ ఉదాహరణను న్యాయశాస్త్రమనే మన ప్రాచీన తర్కం రాసినవారు నలిపినంతగా మరెవరూ నలపలేదు. మన ఊళ్ళోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో నేటికీ తర్కం చదివే విద్యార్థులు ఆ పాఠం నేర్చుకుంటారు: కొండ మీద పొగ ఉంది, కాబట్టి నిప్పు ఉంది. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుంది గనుక ఆ నిర్ధారణ నిలుస్తుంది. తిరగేస్తే నిలవదు. కాల్చిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. మరో షరతు మన వాదనల్లో తరచూ జారిపోతుంది. కొండ మీద కనబడేది పొగే అని ముందు రుజువు కావాలి. దూరం నుంచి మంచును చూసి పొగ అనుకుంటే దాని మీద కట్టిన వాదనంతా కూలుతుంది. ఆ శాస్త్రంలో దీన్ని హేతువు అసిద్ధం కావడం అంటారు. డిసెంబరులో తెల్లవారుజామున శేషాచలం వైపు చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. యాభై మంది ఒకే మెసేజీని ముందుకు పంపితే యాభై పొగలు కావు. మొదట రాసినవాడు ఒక్కడే, వాడు చూసి రాశాడో విని రాశాడో తెలిసేదాకా అది మంచే.

వాదించే పద్ధతిలోని తప్పులు ఇంకా ఉన్నాయి గానీ వాటికి ఇంత చోటు అక్కర్లేదు. కాలువ పూడిక తియ్యలేదేమని అడిగితే "గత పాలకులు తీశారా?" అనడం జవాబు కాదు. గురివింద నలుపు చూపించినంత మాత్రాన పూడిక పోదు. కొండ మీద ప్లాస్టిక్ సీసాలు వద్దంటే "భక్తులు దాహంతో చావాలా?" అనడం ఎవరూ అనని మాటకు జవాబివ్వడం. ఒక పెద్ద డాక్టరు చెప్పాడని ఎరువుల గురించి నమ్మడం చెట్టు పేరు చెప్పి కాయలమ్మడమే, ఆయన చదివింది గుండె గురించి. వాదం, జల్పం, వితండం అని మూడు రకాలుగా విడదీసి, మొదటిది నిజం తెలుసుకోవడానికి, రెండోది ఎలాగైనా గెలవడానికి, మూడోది తనదంటూ ఏ మాటా నిలబెట్టకుండా ఎదుటివాడి మాట పడగొట్టడానికి అని మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు. టీవీ చర్చల్లో రోజూ చూసేది మూడోదే. మొదటిది ఎప్పుడైనా వినిపిస్తే సౌండ్ పోయిందేమోనని రిమోట్ వెతుక్కుంటారు.

ఈ దోషాల పేర్లు నేర్చుకున్న కుర్రకారుకు ఒక జాగ్రత్త. ఎదుటివాడి వాదనలో దోషం కనిపెట్టినంత మాత్రాన అతను చెప్పింది అబద్ధమైపోదు. "మా తాత రోజూ నడిచాడు, తొంభై ఏళ్ళు బతికాడు, కాబట్టి నడక మంచిది" అన్నది చాలని వాదన. నడక మాత్రం మంచిదే. తప్పు దారిలో నడిచినా ఒక్కోసారి సరైన ఊరే చేరతాం. దోషం దొరికితే "ఇది రుజువు కాలేదు" అనే వరకే మనకు హక్కు. "ఇది అబద్ధం" అనాలంటే మనమూ నాలుగు గళ్ళూ నింపాలి.

సంపాదకులకు మా విన్నపాలు కొన్ని. శాతం వేసిన ప్రతిచోటా అది ఎంతమందిలోనో పక్కనే వెయ్యండి. "కేసులు రెట్టింపు" అని శీర్షిక పెడితే రెండు నాలుగయ్యాయా, రెండు వందలు నాలుగు వందలయ్యాయా అన్నది మొదటి వాక్యంలోనే చెప్పండి. డెంగ్యూ కేసులు పెరిగాయని రాసేటప్పుడు పరీక్షలు ఎన్ని చేశారో కూడా అధికారులను అడగండి. పరీక్షలు మూడింతలైతే కేసులు పెరగడంలో వింత లేదు. చికిత్స మీద, ఎరువు మీద, విత్తనం మీద ఒక రైతు, ఒక రోగి మాట వేసినప్పుడు, దాన్నే ఉపయోగించి నష్టపోయినవారు ఉన్నారా అని విలేకరి అడిగినట్టు, ఏమని జవాబొచ్చిందో వార్తలోనే కనబడాలి. ఎవరూ దొరకలేదంటే ఆ మాటే రాయండి. ర్యాంకుల ప్రకటనలు తీసుకునేటప్పుడు పరీక్ష రాసినవారి మొత్తం సంఖ్య లేనిదే వెయ్యబోమని ప్రకటనల విభాగం ఒక షరతు పెడితే మొదట కొంత రాబడి పోవచ్చు, అది మీ ఇష్టానికి వదిలేస్తున్నాం. లేఖల పేజీలో మా వంటివారు అంకెలు రాసి పంపితే ఎక్కడివో అడిగి తెప్పించుకోండి. అంకె తప్పని తేలితే సవరణను లోపలి పేజీలో మూలకు కాక ఆ అంకె అచ్చయిన పేజీలోనే, అంతే అక్షరంతో వెయ్యండి.

ఇట్లు
తర్కశాస్త్రం, గణాంకశాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు
తిరుపతి